2 నుంచి 5 దాకా తెలుగు, సంస్కృతం

1849 ఆగస్టులో మద్రాసు నుంచి ఒక పాతికేళ్ళ స్కూలు మాస్టారు కలకత్తాలో ఉన్న చిన్ననాటి స్నేహితుడు గౌర్‌దాస్ బసాక్‌కి ఉత్తరం రాస్తూ అందులో తన దినచర్య ఇచ్చాడు. పొద్దున 6 నుంచి 8 దాకా హీబ్రూ, 8 నుంచి 12 దాకా బడి, 12 నుంచి 2 దాకా గ్రీకు, 2 నుంచి 5 దాకా తెలుగు, సంస్కృతం, 5 నుంచి 7 దాకా లాటిన్, 7 నుంచి రాత్రి 10 దాకా ఇంగ్లీషు. ఇదంతా చెప్పి, మా తాతతండ్రుల భాషకు నగలు చేయించడానికే కదా నేను ఇంత తయారవుతున్నది, అన్న అర్థంలో ఒక మాట అడిగాడు.

ఈ టైమ్‌టేబుల్ మొదటిసారి చదివినప్పుడు నేను "తెలుగు" అన్న మాట దగ్గర ఆగి, తప్పు చదివానేమోనని వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివాను. రోజూ మధ్యాహ్నం మూడు గంటలు తెలుగుకీ సంస్కృతానికీ పెట్టుకున్న ఆ మాస్టారు మైకేల్ మధుసూదన్ దత్తు. ఆ రోజుల్లోనే అదే మద్రాసులో బ్రౌన్ దొర తన తెలుగు నిఘంటువు పనిలో ఉన్నాడు, అది 1852లో అచ్చయింది. బెంగాలీ సాహిత్యం అనగానే మనకు ఠాగూరు గుర్తొస్తాడు, బంకించంద్రుడు గుర్తొస్తాడు, శరత్ బాబునైతే మనవాడే అనుకుంటాం. వీళ్ళందరికంటే ముందు ఆ భాషలో కవిత్వం నడిచే తీరునే మార్చేసిన మనిషి గురించి మాత్రం మనలో చాలామందికి తెలియదు, నాకూ మొన్నమొన్నటి దాకా తెలియదు. హాస్టల్లో నా రూమ్మేట్ ఒక బెంగాలీ అబ్బాయి, కరెంటు పోయినప్పుడల్లా ఏదో పద్యం గొంతెత్తి చదివేవాడు, ఏమిట్రా అది అంటే మేఘనాదవధ అనేవాడు. ఇన్నేళ్ళ తర్వాత ఆ పద్యం కోసమే బెంగాలీ అక్షరాలు నేర్చుకున్నాను.

మధుసూదన్ 1824 జనవరి 25న జెస్సోర్ జిల్లాలో, కపోతాక్ష నది ఒడ్డున ఉన్న సాగర్‌దాఁడీ అనే పల్లెలో పుట్టాడు. ఇప్పుడది బంగ్లాదేశ్‌లో ఉంది. తండ్రి రాజనారాయణ్ దత్తు కలకత్తాలో సదర్ దివానీ అదాలత్ అనే పెద్ద కోర్టులో పేరున్న వకీలు, ఇంట్లో డబ్బుకు లోటు లేదు. తల్లి జాహ్నవీ దేవి రామాయణం, మహాభారతం చదివి వినిపించేది. బెంగాలీలో రామాయణమంటే కృత్తివాసుడిది, భారతమంటే కాశీరామ్ దాస్‌ది, మనకు రంగనాథ రామాయణంలా ఇళ్ళల్లో పాడుకునేవి. ఆ రెండూ ఆ పిల్లాడి చెవిలో పడ్డాయి. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

తర్వాత కలకత్తాలో హిందూ కాలేజీ. కెప్టెన్ రిచర్డ్‌సన్ అనే ఆయన ఇంగ్లీషు కవిత్వం చెప్పేవాడు, ఆ పాఠాలు విన్న కుర్రాళ్ళంతా షేక్‌స్పియర్, బైరన్ మత్తులో పడ్డారు. మధుసూదన్ ఇంకా లోతుకు పోయాడు. పదిహేడేళ్ళకే ఇంగ్లండు తీరం కోసం నిట్టూరుస్తూ ఇంగ్లీషులో పద్యం రాశాడు. గొప్ప కవి కావాలంటే ఆ దేశం వెళ్ళాలి, ఆ భాషలోనే రాయాలి అని గట్టి నమ్మకం. బెంగాలీ అంటే ఇంట్లో నౌకర్లతో మాట్లాడే భాష అన్నట్టు ఉండేది వాళ్ళ బ్యాచ్ పద్ధతి. ఇంతలో ఇంట్లో పెళ్ళి కుదిర్చారు. ఆ పెళ్ళి ఇష్టం లేకపోవడం, ఇంగ్లండు మీద మోజు, మతం మీద నిజంగానే కలిగిన ఆకర్షణ, ఏది ఎంత పాలు అన్నది వదిలేస్తే, 1843 ఫిబ్రవరి 9న ఓల్డ్ మిషన్ చర్చిలో క్రైస్తవం తీసుకున్నాడు. తర్వాత పేరు ముందు మైకేల్ చేరింది. హిందూ కాలేజీలో ఇక చోటు లేదు. శిబ్‌పూర్‌లోని బిషప్స్ కాలేజీలో చేరాడు, గ్రీకు, లాటిన్ అక్కడే పట్టుబడ్డాయి. కొన్నాళ్ళు ఫీజు కట్టిన తండ్రి తర్వాత డబ్బు ఆపేశాడు. చేతిలో ఏమీ లేకుండా మద్రాసు ఓడెక్కి 1848 మొదట్లో ఇక్కడ దిగాడు.

మద్రాసులో అనాథ పిల్లల బడిలో ఉద్యోగం దొరికింది. అక్కడే రెబెకాని పెళ్ళి చేసుకున్నాడు. పత్రికలు నడిపాడు, రాశాడు. 1849లో పృథ్వీరాజు, సంయుక్తల కథ తీసుకుని 'ది క్యాప్టివ్ లేడీ' అనే ఇంగ్లీషు కావ్యం సొంతంగా అచ్చు వేయించాడు. కలకత్తాలో దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. గౌర్‌దాస్ ఒక కాపీ విద్యామండలి అధ్యక్షుడు బెథూన్‌కి చేరిస్తే, ఆయన చదివి, ఇంత తెలివి ఉన్నవాడు తన సొంత భాషలో రాస్తే వాళ్ళ జనానికి మేలు కదా అని సలహా ఇచ్చాడు. ఒక ఇంగ్లీషువాడు చెప్పాల్సి వచ్చింది ఆ మాట. స్నేహితుడు కూడా అదే రాశాడు. అప్పుడు మధుసూదన్ ఇచ్చిన జవాబే పైన నేను చెప్పిన టైమ్‌టేబుల్.

అందులో బెంగాలీ లేదు, గమనించారా? ఆరు భాషలున్నాయి, ఎవరి కోసం ఇదంతా అంటున్నాడో ఆ భాషకు గంట కూడా లేదు. నాకు మొదట ఇది విచిత్రంగా అనిపించింది, తర్వాత అర్థమైంది. బావి తవ్వేవాడు నీళ్ళు కనపడే దాకా మట్టే తోడతాడు. అదే మద్రాసు నుంచి ఇంకో ఉత్తరంలో, నేను బెంగాలీ చాలా వేగంగా మర్చిపోతున్నాను, కాశీరామ్ దాస్ భారతం, శ్రీరాంపూర్ అచ్చు రామాయణం పంపవా అని గౌర్‌దాస్‌ని అడిగాడు. అమ్మ చదివి వినిపించిన ఆ రెండు పుస్తకాలే! చుట్టూ తమిళం, తెలుగు, ఇంగ్లీషు వినపడుతున్న ఊళ్ళో కూర్చుని, తన భాష చేజారుతోందని భయం పుట్టినప్పుడు ఆ మనిషి అడిగింది అమ్మ నోట విన్న పుస్తకాలని. ఆయన మద్రాసులో ఉండగానే ఆ తల్లి పోయింది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. 1855లో తండ్రి పోయాడు, బంధువులు ఆస్తి కోసం కొట్టుకుంటున్నారని గౌర్‌దాస్ ఉత్తరం రాస్తే, 1856 మొదట్లో మధుసూదన్ కలకత్తా వెళ్ళిపోయాడు. రెబెకాని, నలుగురు పిల్లల్ని మద్రాసులో వదిలేశాడు, మళ్ళీ వాళ్ళ దగ్గరికి రాలేదు. అప్పటికే హెన్రియెటా అనే అమ్మాయితో ప్రేమలో ఉన్నాడు, ఆవిడ తర్వాత కలకత్తా చేరి చివరిదాకా ఆయనతో ఉంది. ఆయన జీవితం గురించి రాసేవాళ్ళు కొందరు దీన్ని రెండు వాక్యాల్లో దాటేస్తారు. నాకు మనసొప్పలేదు. కావ్యంలో ఆడవాళ్ళ చేత మగవాళ్ళని అంత సూటిగా నిలదీయించిన కవి సొంత ఇంట్లో చేసింది ఇది. రెండూ నిజమే, ఒకదానితో ఒకటి చెల్లిపోదు.

కలకత్తాలో మొదట పోలీసు కోర్టులో గుమాస్తా, తర్వాత దుబాసీ. అప్పుడు పైక్‌పాడా రాజులు బెల్గాఛియాలో తమ తోటలో ఒక నాటకశాల పెట్టి 'రత్నావళి' అనే బెంగాలీ నాటకం ఆడిస్తున్నారు, ఇంగ్లీషు అతిథులకి అర్థం కావడానికి అనువాదం కావాలని 1858లో మధుసూదన్‌ని పిలిచారు. అనువాదం చేశాడు గానీ, ఇంత నాసి నాటకానికి ఇంత ఖర్చా అని ఆయనకి కోపం వచ్చింది. నేను రాస్తాను చూడండి అన్నాడు. బెంగాలీ మర్చిపోతున్నానన్న మనిషి! మహాభారతంలో యయాతి కథ తీసుకుని 'శర్మిష్ఠ' నాటకం రాశాడు, ఆడారు, మెప్పు పొందింది. ఇక ఆగలేదు. 1858 నుంచి 1862 దాకా నాలుగేళ్ళలో నాటకాలు, రెండు ప్రహసనాలు, నాలుగు కావ్యాలు. మనిషి జీవితంలో అసలు పనంతా ఆ నాలుగేళ్ళే.

అందులో మొదటి కావ్యం పందెం లాంటి ఒక మాటతో మొదలైంది. యతీంద్రమోహన్ ఠాగూర్ అనే పెద్దమనిషితో మాట్లాడుతూ, బెంగాలీ నాటకం బాగుపడాలంటే ప్రాస లేని పద్యం రావాలి అన్నాడు మధుసూదన్. ఆయన, మన భాష దానికి సరిపోదేమో అన్నాడు. బెంగాలీ సంస్కృతం కూతురండీ, దానికి చేతకానిదేముంది, నేను రాసి చూపిస్తాను అన్నాడు ఈయన. రాస్తే అచ్చు ఖర్చు నాది అన్నాడు యతీంద్రమోహన్. అలా వచ్చింది 1860లో 'తిలోత్తమాసంభవ కావ్యం'. అచ్చు ఖర్చు ఆయనే పెట్టుకున్నాడు.

ప్రాస లేకపోతే అంత గొడవ ఏమిటి అనిపించవచ్చు. బెంగాలీలో కథాకావ్యాలన్నీ పయార్ అనే ఛందస్సులో ఉండేవి. పాదానికి 14 అక్షరాలు, 8 దగ్గర విరుపు, తర్వాత 6, రెండేసి పాదాలకి చివర ప్రాస. మనకు ద్విపద ఎలాగో వాళ్ళకు అది అలాగ. మన యతి, ద్వితీయాక్షర ప్రాస దానికి లేవు, దాని అంత్యప్రాస మన ద్విపదకు తప్పనిసరి కాదు, కానీ రాగం తీసి పాడుకోవడానికి, పొయ్యి దగ్గర పని చేసుకుంటూ నెమరేసుకోవడానికి రెండూ అక్కచెల్లెళ్ళే. చిక్కల్లా రెండు పాదాలయ్యేసరికి మాట పూర్తయిపోవాలి, జంట కుదరాలి. కోపంతో ఊపిరి తీసుకోకుండా మాట్లాడేవాడు రెండు పాదాలకోసారి ఆగి ప్రాస చూసుకోడు కదా. మధుసూదన్ ఏం చేశాడంటే, 14 అక్షరాల గదిని అలాగే ఉంచి గోడలు తీసేశాడు. ప్రాస పోయింది, మాట ఒక పాదంలోంచి ఇంకో పాదంలోకి పారడం మొదలైంది, ఎక్కడ అర్థం ఆగితే అక్కడే విరుపు. దాన్ని అమిత్రాక్షర ఛందస్సు అంటారు, జత కలిసే అక్షరాలు లేనిదని.

1861లో వచ్చిన 'మేఘనాదవధ కావ్యం' ఎత్తుగడ చూడండి, బెంగాలీ తెలియకపోయినా సగం మాటలు మనవే.

సమ్ముఖ సమరే పడి, వీరచూడామణి
వీరబాహు, చలి జబే గేలా జమపురే
అకాలే, కహ, హే దేవి అమృతభాషిణి...

వేళ్ళమీద లెక్కపెట్టండి, నేను అలాగే లెక్కపెట్టాను. మొదటి పాదంలో 8, 6. రెండో పాదంలో 8, 6. అన్నీ 14. కానీ చదివేటప్పుడు ఆగేది అక్కడ కాదు. ఎదురుగా నిలబడి పోరాడి పడిపోయి, వీరులకు శిరోమణి అయిన వీరబాహు యమపురికి వెళ్ళాడు అని పాదం అయిపోతుంది, ఒక్క క్షణం తర్వాత కొత్త పాదంలో "అకాలే" అన్న మాట వచ్చి పడుతుంది. చావడానికి వయసు కాని కాలంలో. కొడుకు పోయిన తండ్రి మాట్లాడుతుంటే మధ్యలో గొంతు పట్టేసి, తేరుకుని ఒక మాట అన్నట్టు ఉంటుంది. నా రూమ్మేట్ ఆ "అకాలే" దగ్గర గొంతు ఎందుకు దించేవాడో నాకు ఇప్పుడు తెలిసింది.

ఆ కొడుకు రావణుడి కొడుకు. కావ్యం మొదలయ్యేదే రావణుడి సభలో, వీరబాహు చావు కబురుతో. తొమ్మిది సర్గలు, మొత్తం మూడు పగళ్ళు, రెండు రాత్రుల కథ అంటారు. మేఘనాదుడంటే ఇంద్రజిత్తు, మనకు అతని భార్య సులోచన, ఇక్కడ ఆమె ప్రమీల, మొగుడి దగ్గరికి వెళ్ళడానికి ఆడసైన్యంతో శత్రువుల మధ్య నుంచి లంకలోకి నడిచొచ్చే మనిషి.

ఆరో సర్గ గురించి చెప్పకుండా ఉండలేను. యుద్ధానికి వెళ్ళేముందు మేఘనాదుడు నికుంభిలా ఆలయంలో తలుపులు మూసుకుని ఒంటరిగా అగ్నిని పూజిస్తున్నాడు. ఒంటిమీద ఆయుధం లేదు. మాయాదేవి సాయంతో లక్ష్మణుడు లోపలికొస్తాడు. మేఘనాదుడు కళ్ళు తెరిచి, ఎదురుగా వెలిగిపోతున్న ఆ మనిషిని చూసి, అగ్నిదేవుడే ఈ రూపంలో వచ్చాడనుకుని సాష్టాంగపడతాడు. ఆ నమస్కారం దగ్గర నాకు గుండె పట్టేసినట్టయింది. కాదు, నేను లక్ష్మణుణ్ణి అంటాడు అతను, కత్తి దూస్తాడు. ఆయుధం తెచ్చుకోనీ, అప్పుడు పోరాడదాం అంటాడు మేఘనాదుడు. వలలో పడ్డ పులిని వేటగాడు వదిలిపెడతాడా అంటాడు లక్ష్మణుడు. మేఘనాదుడు చేతికందిన పూజపాత్ర ఎత్తి విసిరితే లక్ష్మణుడు మూర్ఛపోతాడు. ఆయుధశాలకి పరిగెత్తబోయి గుమ్మం వైపు తిరిగితే అక్కడ శూలం పట్టుకుని చిన్నాన్న నిలబడి ఉన్నాడు. విభీషణుడు.

ఓహో, వీడు లంకలోకి ఎలా వచ్చాడో ఇప్పుడు తెలిసింది అంటాడు మేఘనాదుడు. బెంగాలీ పిల్లలు బడిలో కంఠతా పట్టేది ఈ ఘట్టాన్నే. సొంత ఇంటి దారి దొంగకి చూపిస్తావా చిన్నాన్నా అని అడుగుతాడు, అడిగి వెంటనే, నిన్ను తప్పుపట్టను, నాన్నలాంటి వాడివి, దారి వదులు, ఆయుధం తెచ్చుకుంటాను అంటాడు. చావు మీదికొచ్చినా వరస తప్పలేదు, మర్యాద తప్పలేదు. విభీషణుడు దారి వదలడు. లక్ష్మణుడు తేరుకుంటాడు. అక్కడ మేఘనాదుడు పడిపోయిన ఆ క్షణంలోనే, ఇంకెక్కడో ఉన్న ప్రమీల ఏ కబురూ తెలియకుండా, పరధ్యానంగా తన నుదుటి సిందూరం చెరిపేసుకుంటుంది. ఇంత చిన్న పనిని అక్కడ పెట్టిన కవి చేతికి దణ్ణం పెట్టాలనిపించింది.

రాముడూ వాడి మూక అంటే నాకు తేలికభావం, రావణుడి ఊహ మాత్రం నన్ను రగిలిస్తుంది అని మధుసూదన్ స్నేహితుడు రాజనారాయణ్ బసుకి ఉత్తరంలో రాశాడు. ఈ ఒక్క వాక్యం పట్టుకుని ఆయన్ని తిట్టినవాళ్ళున్నారు, నెత్తిన పెట్టుకున్నవాళ్ళున్నారు. నాకు మటుకు ఆ కావ్యం ఉత్తరంలోని ఆ మాటకంటే పెద్దది. నాలుగో సర్గలో అశోకవనంలో సీత విభీషణుడి భార్య సరమతో పంచవటి రోజుల గురించి చెప్పుకునే ఘట్టం చదివితే, సీతమీద అంత ప్రేమ ఉన్నవాడు రామాయణాన్ని తక్కువ చేశాడని ఎలా అంటాం? చివరి సర్గలో కొడుకు చితి, దానిమీద కోడలు. దశమినాడు అమ్మవారి ప్రతిమను నీళ్ళలో కలిపి వచ్చినట్టు లంక ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు ఏడ్చింది అని ముగించాడు. క్రైస్తవుడై పద్దెనిమిదేళ్ళయినవాడికి లంక దుఃఖం చెప్పడానికి దొరికిన పోలిక బెంగాల్ దుర్గాపూజలో ఆఖరి రోజు. ఠాగూరు పదహారేళ్ళ వయసులో ఈ కావ్యాన్ని ఘాటుగా విమర్శిస్తూ వ్యాసం రాశాడు, పెద్దయ్యాక అది కుర్రతనం అని తనే చెప్పుకున్నాడు.

పుస్తకం వచ్చిన రోజుల్లో ఒకసారి మధుసూదన్ కలకత్తా చీనాబజారుకు ఏదో పనిమీద వెళ్ళాడు. ఒక కొట్లో ఒకాయన తల వంచుకుని పుస్తకంలో మునిగిపోయి ఉన్నాడు. చూస్తే మేఘనాదవధ. దొర వేషంలో ఉన్న ఈయన లోపలికెళ్ళి ఏం చదువుతున్నారు అని అడిగాడు. కొత్త కావ్యమండీ అన్నాడు ఆయన మంచి ఇంగ్లీషులో. కావ్యమా, మీ భాషలో కవిత్వం లేదనుకున్నానే అన్నాడు ఈయన. ఏ జాతైనా గర్వపడే కవిత్వం ఇదిగోనండీ ఇక్కడ ఉంది అన్నాడు ఆ కొట్టాయన. ఈ ముచ్చట మధుసూదనే ఉత్తరంలో రాసుకున్నాడు. ఆ ఏడాదే కాళీప్రసన్న సింహ అనే కలకత్తా జమీందారు సభ పెట్టి వెండి పాత్ర బహూకరించి సన్మానం చేశాడు, కానీ ఆ కొట్లో దొరికిన మాట ముందు ఆ వెండి ఏపాటిదని నా లెక్క.

1862లో 'వీరాంగనా కావ్యం' వచ్చింది, పురాణ స్త్రీలు పదకొండుమంది తమ మగవాళ్ళకి రాసే ఉత్తరాలు, శకుంతల, కైకేయి, శూర్పణఖ, జన అనే రాణి, ఇలాంటివాళ్ళు. నేను ఇంకా చదువుతున్నాను, అది వేరే పోస్టు. అదే ఏడాది జూన్‌లో బారిస్టరీ చదవడానికి ఓడెక్కాడు, చిన్నప్పుడు కలగన్న ఇంగ్లండుకి. అక్కడ కాలు నిలవలేదు. ఆస్తిమీద రావలసిన డబ్బు పంపుతామన్నవాళ్ళు పంపలేదు, హెన్రియెటా పిల్లలతో వచ్చేసింది, ఖర్చు తగ్గుతుందని ఫ్రాన్సులో వెర్సాయ్‌కి మారారు. అక్కడ అప్పులవాళ్ళు జైల్లో పెట్టించే దాకా వచ్చింది. 1864లో ఈశ్వరచంద్ర విద్యాసాగర్‌కి ఉత్తరం రాశాడు, ఆయన తన దగ్గర లేకపోతే అప్పుచేసి 1500 రూపాయలు పంపాడు, తర్వాత ఇంకా పంపాడు. విద్యకే సాగరం అనుకుంటారు, నువ్వు కరుణకు కూడా సముద్రానివి అని మధుసూదన్ ఆయనమీద పద్యం రాశాడు.

ఆ వెర్సాయ్ అద్దె ఇంట్లో, వంటకి డబ్బుల్లేని రోజుల్లో ఆయన బెంగాలీలో సానెట్లు రాశాడు. ఆ పద్నాలుగు పాదాల పద్యాన్ని బెంగాలీకి తెచ్చిందీ ఆయనే. అందులో ఒకటి కపోతాక్ష నది మీద. ఎప్పుడూ నువ్వే గుర్తొస్తావు, కలలో సంగీతం విన్నట్టు నీ చప్పుడు భ్రాంతిగా విని చెవులకి ఊరట ఇచ్చుకుంటాను, ఎన్ని దేశాల్లో ఎన్ని నదులు చూశాను, ఈ దాహం ఎవరి నీళ్ళతో తీరుతుంది, నా పుట్టిన నేల చనుబాల ధారవు నువ్వు అంటాడు. పదిహేడేళ్ళప్పుడు కలకత్తాలో ఉండి ఇంగ్లండు తీరం కోసం నిట్టూర్చాడు. నలభయ్యేళ్ళకి ఆ తీరాలన్నీ చూసి కపోతాక్ష కోసం.

బారిస్టరై 1867లో తిరిగొచ్చాడు. కలకత్తా హైకోర్టులో ప్రాక్టీసు, స్పెన్సెస్ హోటల్లో మకాం, వచ్చినదానికి రెట్టింపు ఖర్చు, తాగుడు, అప్పులు. ఆ ఆరేళ్ళ గురించి రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. 1873 జూన్ 26న హెన్రియెటా పోయింది. మూడు రోజుల తర్వాత, 29న, అలీపూర్ ఆసుపత్రిలో ఆయన పోయాడు, 49 ఏళ్ళకి. సమాధికి చోటిచ్చే విషయంలో చర్చివాళ్ళు తటపటాయించడంతో ఖననం ఆలస్యమైంది. చివరికి లోయర్ సర్క్యులర్ రోడ్డు శ్మశానంలో హెన్రియెటా పక్కన ఉంచారు.

సమాధి మీద ఏం రాయాలో ముందే పద్యం రాసిపెట్టాడు. బాటసారీ, నువ్వు బెంగాల్లో పుట్టినవాడివైతే ఒక్క క్షణం ఆగు, తల్లి ఒళ్ళో పసివాడు నిద్రపోయినట్టు ఇక్కడ దత్త కులంలో పుట్టిన కవి శ్రీమధుసూదనుడు నేలతల్లి పాదాల దగ్గర నిద్రపోతున్నాడు అని. మైకేల్ అన్న మాట అందులో లేదు. జెస్సోర్‌లో కపోతాక్ష ఒడ్డున సాగర్‌దాఁడీ పుట్టిన ఊరు, తండ్రి రాజనారాయణ్, తల్లి జాహ్నవి అని ముగుస్తుంది.

దాన్ని కూడా వేళ్ళమీద లెక్కపెట్టాను. "దాఁడాఓ, పథికవర, జన్మ జది తబ". 8, 6. మొత్తం 14, పాదం అక్కడ అయిపోయింది. ఆగు బాటసారీ, నీ పుట్టుక గనక, అని. ఎక్కడ పుట్టాలో చెప్పే మాట తర్వాతి పాదంలో ఉంది. "బంగే".